నలుగురిలో మనవాడెవరని అడిగినవాళ్ళకు

పోస్టు పొడుగు. తీరిక లేనివాళ్ళు ఆదివారానికి దాచుకోండి.

పోయిన వారం మన గ్రూపులో ఉగాది కూటం మాట వచ్చింది. అంతరిక్షానికి వెళ్ళివచ్చిన తెలుగువాళ్ళ ఫొటోలతో ఈసారి మండపం వాకిట్లో పెద్ద ఫ్లెక్సు కట్టాలని, వాళ్ళలో మన సంఘంవాళ్ళెవరో కనుక్కుని శాలువా పంపాలని ఒక అన్న ప్రతిపాదన పెట్టారు. దానికింద ఇరవై చేతులు మొక్కే బొమ్మలు పడ్డాయి. ఇంకో తమ్ముడు గగన్‌యాన్ నలుగురిలో మనవాడు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఆ ప్రశ్న కొత్తది కాదు. 2024 ఫిబ్రవరి 27న ప్రధానమంత్రి తిరువనంతపురంలో, విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రంలో ఆ నలుగురి పేర్లు చెప్పిన సాయంత్రమే మన గ్రూపులో ఇదే విచారణ నడిచింది.

మరిచిపోయినవాళ్ళకు చెబుతున్నా. ప్రశాంత్ బాలకృష్ణన్ నాయర్, అజిత్ కృష్ణన్, అంగద్ ప్రతాప్, శుభాంశు శుక్లా. నలుగురూ వాయుసేన టెస్ట్ పైలట్లు. నాయర్‌ది పాలక్కాడు వైపు. ప్రతాప్‌ది ప్రయాగరాజ్, శుక్లాది లక్నో. అజిత్ కృష్ణన్ మద్రాసులో పుట్టినవారు. మద్రాసు అన్న మాట కనపడగానే మనవాళ్ళకు ఆశ పుట్టింది. కృష్ణన్ అంటే ఏ కృష్ణన్, తాతగారి ఊరేది, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని రాత్రి పదకొండు దాకా తవ్వారు. పెళ్ళి సంబంధానికి కూడా మనం ఇంత విచారించం. చివరికి ఏమీ తేలక గుడ్‌నైట్ బొమ్మలు పెట్టి పడుకున్నారు.

నేను ఆ ఫ్లెక్సుకు ఒప్పుకోను. ఎందుకో వివరంగా చెబుతాను. కోపం తెచ్చుకోకుండా చదవండి.

తెలుగు రక్తం ఉన్నవాళ్ళు పైకి వెళ్ళారంటే నాకూ సంతోషమే. బండ్ల శిరీష 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ వాహనంలో వెళ్ళివచ్చింది. విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ 2024 మే 19న బ్లూ ఆరిజిన్ రాకెట్‌లో వెళ్ళాడు, పది నిమిషాల ప్రయాణం. రాజా చారి సంగతి వేరు. తండ్రి హైదరాబాదు నుంచి అమెరికా వెళ్ళినవారు, ఈయన అక్కడే పుట్టి, టెస్ట్ పైలటై, నాసా శిక్షణ పూర్తి చేసి, 2021 నవంబరులో క్రూ-3కి కమాండరుగా అంతరిక్ష కేంద్రానికి పోయి ఆరు నెలలు ఉండి వచ్చాడు. ముగ్గురికీ దండం పెడతాను. కానీ వీళ్ళ ప్రయాణంలో మన సంఘం వేసిన రూపాయి ఎంత? మన ఊళ్ళు ఇచ్చిన చెమట ఎంత? ఏమీ లేదు. ఏమీ ఇవ్వనివాళ్ళం ఫొటో పక్కన మన పేరు వేసుకుంటామనడం నాకు సిగ్గుగా ఉంది.

ఇంకో పక్క చూడండి. మా ఇల్లు కవరైపేట్టైలో. మా మిద్దె మీంచి శ్రీహరికోట ప్రయోగ వేదికకు సూటిగా గీత గీస్తే నలభై కిలోమీటర్లు. రాకెట్ లేచిన రోజున ఉత్తరం వైపు, కాస్త తూర్పుగా, వెలుగు కనపడుతుంది. గాలి అనుకూలిస్తే రెండు నిమిషాలు దాటాక దూరపు ఉరుము లాంటి చప్పుడు వస్తుంది. రైలెక్కితే గుమ్మిడిపూండి, ఏళావూరు, ఆరంబాక్కం, తడ దాటాక సూళ్ళూరుపేట. ఆరంబాక్కానికీ తడకూ మధ్య రాష్ట్రం మారుతుంది, చేతిలో టికెట్ మారదు. అంత దగ్గర ఉండి కూడా మన సంఘం కుటుంబాల నుంచి షార్ గేటు లోపల పని చేసేవాళ్ళు ఎంతమంది? నాకు తెలిసి ఒక చేతి వేళ్ళు చాలు. ఆ లెక్క గురించి మన గ్రూపులో ఒక్కసారి కూడా రాత్రి పదకొండు దాకా విచారణ జరగలేదు.

అంతరిక్షయాత్రికులంటే ఆ నలుగురు మాత్రమే అనుకోవడం వల్ల ఇలా అవుతుందని నా అభిప్రాయం. వాళ్ళ శిక్షణ ఏమిటో తెలుసుకుంటే ఆ అపోహ పోతుంది.

ఆ నలుగురి ఎంపికకు వైద్య పరీక్షలు చేసింది బెంగళూరులోని వాయుసేన ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ. 2020 ఫిబ్రవరిలో రష్యాలోని గగారిన్ శిక్షణ కేంద్రానికి పంపారు. 2021 మార్చి దాకా అక్కడ. అక్కడ నేర్చుకున్నవాటిలో రాకెట్ నడపడం కన్నా నాకు ఆసక్తిగా అనిపించింది ఇంకోటి. తిరిగి వచ్చే గుళిక అనుకున్న చోట దిగకపోతే ఏం చేయాలి? మంచు అడవిలో పడితే ఎలా బతకాలి, నీళ్ళలో పడితే ఎలా బయటికి రావాలి? ఇవి చేయించి నేర్పారు. తిరిగి వచ్చాక బెంగళూరులో ఇస్రో పెట్టిన శిక్షణ కేంద్రంలో మళ్ళీ పాఠాలు, సిమ్యులేటర్లు, బరువు లేని స్థితికి అలవాటుపడటం, వైద్య శిక్షణ, చేయి మరిచిపోకుండా విమానం నడపడం, చివరికి యోగా కూడా.

అంటే శిక్షణలో పెద్ద భాగం పని సరిగ్గా జరగనప్పుడు ఏం చేయాలన్నదాని గురించే. రైల్వేలో పనిచేసినవాళ్ళకు ఇది కొత్త కాదు. బుకింగ్ కౌంటర్లో కూర్చోబెట్టే ముందు మాకూ శిక్షణ ఇచ్చారు. టికెట్ ఇవ్వడం అరపూటలో వస్తుంది. షిఫ్టు చివర లెక్క తేలకపోతే, బండి రద్దయి జనం కౌంటరు మీద పడితే, కరెంటు పోతే ఏం చేయాలన్నదే మిగతా రోజులన్నీ.

ఇంకో సంగతి కూడా రైలు భాషలోనే చెబుతాను. ఇందులో వెయిటింగ్ లిస్టు ఉంది. 1984 ఏప్రిల్లో రాకేశ్ శర్మ సోయూజ్‌లో వెళ్ళారని చిన్న పిల్లలకు కూడా తెలుసు. ఆయనతో సమానంగా శిక్షణ పొంది, ఆయనకు ఏదైనా అయితే ఎక్కడానికి సిద్ధంగా నిలబడ్డ రవీశ్ మల్హోత్రా ఎప్పుడూ పైకి వెళ్ళలేదు. 2025 జూన్ 25న శుక్లా ఆక్సియమ్-4లో అంతరిక్ష కేంద్రానికి బయలుదేరినప్పుడు అలా పక్కన నిలబడింది ప్రశాంత్ నాయర్. అన్నీ నేర్చుకుని, సూట్‌కేసు సర్దుకుని, ప్లాట్‌ఫారం మీద నిలబడి ఇంకొకరికి చేయి ఊపాలి. నా సర్వీసులో ఆర్.ఏ.సి. టికెట్ వాళ్ళ ముఖాలు చాలా చూశాను. ఇది అంతకన్నా కష్టం. ఎవరికైనా శాలువా కప్పాలని ఉంటే ముందు ఇలాంటివాళ్ళకు కప్పండి.

ఇక శ్రీహరికోటకు వద్దాం. 2023 అక్టోబరు 21 ఉదయం అక్కడ టీవీ-డి1 అనే పరీక్ష జరిగింది. పైకి పోతున్న రాకెట్‌కు మధ్యలో ఏదైనా అయితే మనుషులున్న గుళికను విడదీసి దూరంగా లాక్కుపోయే ఏర్పాటు పనిచేస్తుందా అని చూడటం. మనుషులు లేరు, ఖాళీ గుళిక. ఎనిమిదికి అనుకున్నది వాతావరణం బాగాలేక కాస్త వెనక్కి జరిగింది. తర్వాత కౌంట్‌డౌన్ నడిచి, సరిగ్గా అయిదు సెకన్లు ఉండగా కంప్యూటరు ఆపేసింది. టీవీ ముందు కూర్చున్న నేను ఇక ఈరోజుకు లేదనుకున్నా. అక్కడివాళ్ళు కారణం వెతికి, సరిచేసి, పది గంటలకు వదిలారు. గుళిక విడిపోయింది, పారాచూట్లు విచ్చుకున్నాయి, సముద్రంలో దిగింది, నేవీ వాళ్ళు ఎత్తుకొచ్చారు. ఆ గంటన్నరలో పని చేసినవాళ్ళ పేర్లు మనకు ఒక్కటి కూడా తెలియదు. రేపు ముగ్గురు మనుషులు కూర్చున్న రోజున కూడా, వాళ్ళ ప్రాణం ఉండేది అలాంటివాళ్ళ చేతుల్లోనే.

మనుషులను మోసే రాకెట్ ఎల్‌వీఎం-3. దానికి రెండు పక్కలా లావుపాటి బూస్టర్లు ఉంటాయి, ఒక్కోదానిలో రెండు వందల టన్నులకు పైగా ఘన ఇంధనం. ఆ ఇంధనం పోతపోసేది శ్రీహరికోటలోనే. మనుషుల ప్రయాణానికి తగ్గట్టు మార్చిన బూస్టరును 2022 మే 13న అక్కడే పడుకోబెట్టి మండించి చూశారు, 135 సెకన్లు. ఘన ఇంధనం దీపావళి చిచ్చుబుడ్డి లాంటిది. వెలిగించాక ఆపడానికి కుదరదు. అందుకే దానిని కలిపేవాళ్ళు, పోసేవాళ్ళు, ఎక్స్‌రే తీసి లోపల సందు ఉందా లేదా అని చూసేవాళ్ళు తప్పు చేయకూడదు. ఆ పని ఎంత ప్రమాదమో చెప్పడానికి ఒక్క తేదీ చాలు. 2004 ఫిబ్రవరి 23న ఆ ఘన ఇంధన విభాగంలో పేలుడు జరిగి ఆరుగురు చనిపోయారు. ఆ ఆరుగురు మనవాళ్ళా అని అప్పుడు మనలో ఎవరూ విచారించిన గుర్తు నాకు లేదు. వాట్సాప్ అప్పుడు లేదు, నిజమే. ఇప్పుడైనా అడుగుతామా?

ఇంకో పక్కన, సముద్రంలో దిగిన గుళిక నుంచి మనుషులను బయటికి తీయాలి. దానికి కొచ్చిలో నేవీ శిక్షణ కొలనులో ఈతగాళ్ళ జట్టులు తయారయ్యాయి. 2024 డిసెంబరు 6న విశాఖపట్నం దగ్గర సముద్రంలో ఓడ కడుపులోకి నీళ్ళు నింపి గుళికను లోపలికి లాగే పరీక్ష చేశారు. 2025 ఆగస్టు 24న చినూక్ హెలికాప్టరులో డమ్మీ గుళికను పైకి ఎత్తి శ్రీహరికోట దగ్గర వదిలి పారాచూట్లు చూశారు. ప్రభుత్వం ఈ పథకానికి ఒప్పుకున్న మొత్తం ఇప్పుడు 20,193 కోట్లు. ముగ్గురు మనుషులు, 400 కిలోమీటర్ల ఎత్తు, మూడు రోజులు. ఆ డబ్బు ముగ్గురి సీట్లకు కాదు. వెల్డింగుకు, వాల్వులకు, కుట్టిన పారాచూట్లకు, వేల జీతాలకు. ఆ జీతాల్లో మన పిల్లలది ఎంత అన్నదే నా ప్రశ్న.

(2018 ఆగస్టు 15న ఎర్రకోట మీంచి చెప్పినప్పుడు 2022 కల్లా అన్నారు. ఇప్పుడు 2027 అంటున్నారు. బండి లేటని నేను విమర్శించను. లేటుగా వచ్చిన బండి గురించి ప్రయాణికులు తిడతారు, సిగ్నల్ దాటి తొందరపడ్డ బండి గురించి తిట్టడానికి ప్రయాణికులే ఉండరు.)

ఇప్పుడు అసలు మాట. మన సంఘం ప్రతి ఏడూ బహుమతులు ఇస్తుంది. పన్నెండో తరగతిలో ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ళకు, మెడిసిన్ సీటు వచ్చినవాళ్ళకు, అమెరికా వెళ్ళినవాళ్ళకు. ఐటీఐ చదివిన పిల్లవాడిని వేదిక మీదికి పిలిచిన రోజు నాకు గుర్తు లేదు. డిప్లొమా పిల్లలను అడిగితే తండ్రి ముఖం కిందికి వేసుకుని 'ఇంజినీరింగ్ దొరకలేదు, అందుకే' అంటాడు. ఆ పిల్లలే తర్వాత గుమ్మిడిపూండి వైపు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పనికి పోతారు. ఇవాళ ఉన్న పని రేపు ఉంటుందో లేదో తెలియదు.

షార్ తీసుకునే ఉద్యోగాలు మీలో ఎంతమంది చదివారు? టెక్నీషియన్-బి పోస్టుకు కావలసింది పదో తరగతి, దాని మీద ఐటీఐ. ఫిట్టరు, ఎలక్ట్రీషియన్, వెల్డరు లాంటి ట్రేడులు. రాత పరీక్ష ఉంటుంది, దాని తర్వాత చేతిపని పరీక్ష. టెక్నికల్ అసిస్టెంటుకు మొదటి తరగతి డిప్లొమా. ఇవి కాక ఫైర్‌మన్, వంటవాడు, డ్రైవరు, నర్సు. అప్రెంటిస్‌లను కూడా తీసుకుంటారు. ప్రకటన వచ్చిన సంగతి మనకు తెలిసేసరికి చివరి తేదీ దాటిపోయి ఉంటుంది. ఇది నేను మా వీధిలోనే రెండుసార్లు చూశాను.

'అది ఆంధ్రావాళ్ళది, తమిళనాడులో ఉన్న మనకెక్కడ దొరుకుతుంది' అని ఒక పెద్దాయన నాతో అన్నారు. అది కేంద్ర సంస్థ, దేశంలో ఎవరైనా రాయవచ్చు. ఈ అటు ఇటు మాట మన జిల్లాలో మరీ విచిత్రంగా ఉంటుంది. 1960లో సరిహద్దు సర్దినప్పుడు తిరుత్తణి ఇటు వచ్చింది, సత్యవేడు అటు పోయింది. అన్న ఇటు, చెల్లెలి అత్తవారిల్లు అటు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. గీత మన ఇళ్ళ మధ్యలోంచే పోయింది గదా, ఇక ఏది ఎవరిది? ఆ నలుగురి పేర్లు చెప్పిన మరుసటి రోజే, 2024 ఫిబ్రవరి 28న, తూత్తుక్కుడి జిల్లా కులశేఖరపట్టణంలో రెండో ప్రయోగ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. అక్కడికీ ఫిట్టర్లు కావాలి, ఎలక్ట్రీషియన్లు కావాలి.

'తమిళ్ మీడియం పిల్లలకు అంత పెద్ద చోటు ఎక్కడ' అన్న మాట కూడా వినిపించింది. ఇది విన్నప్పుడు మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది, ఎందుకంటే నేను చదివింది తమిళ్ మీడియమే. తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర పెద్దబాలశిక్షలో దిద్దినవి. ఇస్రో ఛైర్మన్‌గా 2018 నుంచి 2022 దాకా ఉన్న శివన్ గారు కన్యాకుమారి జిల్లా పల్లెలో ప్రభుత్వ బడిలో తమిళ్ మీడియం చదివినవారు. 2025 జనవరిలో ఛైర్మన్ అయిన నారాయణన్ గారిదీ అదే జిల్లా, అదే మీడియం. ఆయన ముందు చదివింది మెకానికల్ డిప్లొమా. తర్వాత ఏ.ఎమ్.ఐ.ఇ., 1984లో ఇస్రోలో చేరిక, ఐఐటీ చదువు ఆ తర్వాత. కిందికి ముఖం వేసుకునే ఆ తండ్రికి ఈ మాట చెప్పండి.

తొమ్మిదో తరగతి పిల్లలకు ఇస్రో 2019 నుంచి యువిక అని రెండు వారాల కార్యక్రమం నడుపుతోంది. అక్కడే ఉండి చదవడం, ప్రయోగశాలలు చూడటం. షార్ కూడా పిల్లలను చేర్చుకునే కేంద్రాల్లో ఒకటి. పల్లెటూరి బడి పిల్లలకు ఎంపికలో అదనంగా మార్కులు ఉన్నాయి. ఎనిమిదో తరగతి మార్కులు చూస్తారు, సైన్సు ప్రదర్శనలో పాల్గొంటే చూస్తారు. మన పిల్లలు చదివే బడులు పల్లెటూరి బడులే గదా. ఒక్కరితోనైనా దరఖాస్తు వేయించామా?

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. ఆ నలుగురిలో ఆడవాళ్ళు లేరు. టెస్ట్ పైలట్ల నుంచే ఎంచుకున్నారు, అప్పుడు ఆ పనిలో ఆడవాళ్ళు లేరు, అదీ కారణం. మనుషులు వెళ్ళే ముందు ఖాళీ ప్రయాణంలో పంపాలని తయారుచేసిన మరబొమ్మకు మాత్రం వ్యోమమిత్ర అని ఆడ రూపం ఇచ్చారు. మా మనవరాలు దాన్ని టీవీలో చూసి, 'బొమ్మ వెళ్ళొచ్చు, నేను వెళ్ళకూడదా తాతా' అంది. నేను వెంటనే జవాబు చెప్పలేదు. మన సంఘం బహుమతుల పట్టికలో ఆడపిల్లలకు నర్సింగ్, టీచరు తప్ప వేరే గడి లేదని అప్పుడే గుర్తొచ్చింది.

ఫ్లెక్సు కావాలన్నవాళ్ళ పక్షాన కూడా న్యాయం ఉంది. పిల్లలు ఫొటో చూస్తే స్ఫూర్తి వస్తుందంటారు. వస్తుంది. కాదనను. రాకేశ్ శర్మ ఫొటో పత్రికలో చూసి మా వయసువాళ్ళం ఎగిరి గంతేశాం. కానీ దారి చూపని స్ఫూర్తి నాలుగు రోజులు ఉంటుంది. ఫొటోలో ఉన్నాయన మన కులమని చెబితే పిల్లవాడికి దారి దొరకదు. పైగా మన కులం కానివాడు ఎంత గొప్ప పని చేసినా అది మనకు సంబంధం లేనిదని నేర్పుతాం. అది నాకు ఇంకా భయం.

2024 అక్టోబరు 11, ఆయుధ పూజ రాత్రి, మన ఊళ్ళో ఏం జరిగిందో మీకు తెలుసు. మైసూరు నుంచి దర్భంగా పోయే బాగ్‌మతి ఎక్స్‌ప్రెస్ మెయిన్ లైనుకు సిగ్నల్ ఉండి కూడా లూప్ లైనులోకి మళ్ళి, ఆగి ఉన్న గూడ్సును గుద్దింది. బోగీలు పక్కకు పడ్డాయి. చాలామందికి దెబ్బలు తగిలాయి, ప్రాణం మాత్రం ఎవరిదీ పోలేదు. ఆ చీకట్లో టార్చి పట్టుకుని పరిగెత్తినవాళ్ళలో మన సంఘంవాళ్ళు చాలామంది ఉన్నారు. బండిలో ఎక్కువమంది బిహారు పోయేవాళ్ళు. వాళ్ళ భాష మనకు రాదు. నీళ్ళిచ్చేముందు మీరెవరివాళ్ళని ఎవరూ అడగలేదు. ఆ రాత్రి అడగని సంఘం ఇప్పుడు ఆకాశంలోకి పోయేవాళ్ళను ఎందుకు అడుగుతోంది?

'మనవాళ్ళు' అన్న మాట వాడాలంటే ఇంకొందరిని కూడా అందులో చేర్చాలి. శ్రీహరికోట ఖాళీ దీవి కాదు. తరతరాలుగా యానాదులు అక్కడ బతికారు. తెల్లవాళ్ళ కాలంలో ఆ అడవి కట్టెలు బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో మద్రాసు పొయ్యిలకు వచ్చేవి. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ చోటు ఎంచుకున్నారు, 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్ లేచింది. దీవి ఖాళీ చేసి వచ్చినవాళ్ళ మనవళ్ళు ఇప్పుడు సూళ్ళూరుపేట చుట్టుపక్కల ఉన్నారు. ఇటు మన పక్కన పళవేర్కాడు. ప్రయోగం ఉన్న రోజున అక్కడి పడవలు సముద్రంలోకి పోకూడదు. ప్రయోగం వాయిదా పడితే ఇంకో రోజు కూడా పోకూడదు. మనం మిద్దె ఎక్కి చప్పట్లు కొట్టే రోజు వాళ్ళకు వల ఆరబెట్టే రోజు. గగన్‌యాన్‌కు అందరికన్నా ముందు కట్టినవాళ్ళు వీళ్ళే. వాళ్ళ పిల్లలూ మన పిల్లలూ ఒకే బండిలో పొన్నేరి కాలేజీకి పోతారు. మనం చేయబోయే పనిలో వాళ్ళకూ చోటు ఇవ్వాలని నా కోరిక. సంఘం నియమావళి అడ్డమొస్తే ఆ నియమం మార్చుకోవచ్చు, అదేం రాజ్యాంగం కాదు.

కమిటీ ముందు నేను పెట్టేది ఇది. ఫ్లెక్సుకూ శాలువాలకూ అనుకున్న డబ్బు పక్కన పెట్టండి. దానితో ఐటీఐ, డిప్లొమా పిల్లలకు షార్ రాత పరీక్షకు పుస్తకాలు, వారానికి రెండు సాయంత్రాలు పాఠం. మనలో రిటైరైన టీచర్లు ఉన్నారు, ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసినవాళ్ళు ఉన్నారు, చేతిపని పరీక్షకు వాళ్ళకన్నా మంచి గురువులు దొరకరు. ప్రకటనలు చూసి గ్రూపులో పెట్టే పని ఒకరికి అప్పగించాలి, గుడ్ మార్నింగ్ బొమ్మల కింద అది మునిగిపోకుండా విడిగా. తొమ్మిదో తరగతి పిల్లలతో యువికకు దరఖాస్తు వేయించాలి. ఉగాది వేదిక మీద ఈసారి మొదటి కుర్చీ ఐటీఐ పాసైన పిల్లలకు ఇవ్వాలి, అందులో ఒక అమ్మాయి తప్పకుండా ఉండాలి.

ఇంకొకటి. శ్రీహరికోటలో జనం కూర్చుని ప్రయోగం చూసే గ్యాలరీ 2019లో తెరిచారు. ఆ ఏడు ఏప్రిల్ 1న పీఎస్‌ఎల్‌వీ-సి45 లేచినప్పటి నుంచి మామూలు జనాన్ని రానిస్తున్నారు. ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, తెరిచిన కాసేపటికే నిండిపోతుంది. వచ్చే ప్రయోగానికి ముప్పైమంది పిల్లలను తీసుకుపోదాం. పళవేర్కాడు పిల్లలను పదిమందిని కలుపుకుని. ప్రయోగం వాయిదా పడితే పడనివ్వండి, ఎందుకు ఆపారో అడిగి తెలుసుకోవడం కూడా వాళ్ళకు పాఠమే.

నా ఈ ఏటి చందా ఆ పుస్తకాల ఖాతాకు రాస్తున్నాను, కోశాధికారి గారు గమనించండి. పేర్లు ఇచ్చేవాళ్ళు ఈ పోస్టు కింద పిల్లల తరగతి, ట్రేడు రాయండి. ఇంటిపేరు అక్కర్లేదు. సూళ్ళూరుపేటకు రానుపోను టికెట్ల లెక్క నేను చూసుకుంటాను, ఆ పని నాకు అలవాటే.